కువైట్ గడియారంలో పెద్ద ముల్లు

కార్వేటినగరం బజారు వీధిలో మునస్వామి వాచీల అంగడికి ఎదురుగా పెంచలయ్య సెల్‌ఫోన్ల అంగడి ఉంది. మధ్యలో ఉన్నది ఇరవై అడుగుల రోడ్డు. ఆ ఇరవై అడుగులనూ మునస్వామి మూడేళ్లుగా రోజూ కంటితోనే దాటుతున్నాడు. కాలితో మాత్రం ఒక్కసారి కూడా దాటలేదు.

దాటబుద్ధి కాకపోవడానికి కారణం ఒక గోడ. పెంచలయ్య తన అంగడి గోడకు నాలుగు గడియారాలు వరసగా తగిలించాడు. మొదటిదాని కింద ఇండియా, తర్వాతవాటి కింద కువైట్, సింగపూరు, లండన్ అని ఎర్ర రంగుతో రాయించాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్ పనికి పోయినవాళ్లు బోలెడు మంది. ఇక్కడున్న వాళ్ల మనుషులు అక్కడికి ఫోను చేసే ముందు, "ఇప్పుడు ఆడ ఎంతయింటాది? పనిలో ఉంటారా, పడుకోనుంటారా?" అని పెంచలయ్య గోడ దగ్గరికి వచ్చి చూసుకునేవాళ్లు.

మునస్వామికి అది నచ్చలేదు. నలభై ఏళ్లుగా ఆ వీధిలో టైము అంటే మునస్వామే. పుత్తూరు బస్సు డ్రైవరు కూడా హారన్ కొట్టి, "మామా, ఎంతయింది?" అని అరిచి పోయేవాడు. కంటికి భూతద్దం పెట్టుకొని వాచీ కడుపులోకి వంగి ఉన్నా, తల ఎత్తకుండానే మునస్వామి జవాబు చెప్పేవాడు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. అందరి జేబుల్లోనూ ఫోను ఉంది. మిగిలిన నలుగురూ ఎదురంగడి గోడ చూస్తారు.

అన్నిటికన్నా మండింది చెంగమ్మ విషయంలో. చెంగమ్మ పూలు కట్టి అమ్ముతుంది. పాతికేళ్లుగా మునస్వామి అంగడి ముందున్న బెంచీయే ఆమె చోటు. కనకాంబరాలు, మల్లెలు ఒడిలో పోసుకొని కడుతూ గంటకొకసారి, "అన్నా, గుడి తీసే టైమయిందా?" అని అడిగేది. ఆమె అడగడం, తాను చెప్పడం, మునస్వామికి కాఫీ తాగినంత అలవాటు. రెండేళ్ల కింద ఆమె చెల్లెలు కోమలి కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి పోయింది. అప్పటి నుంచి చెంగమ్మ బుట్ట బెంచీ మీద ఉన్నా, కళ్లు మాత్రం ఎదురు గోడ మీద ఉండేవి.

ఆ ఇంటి యజమానురాలు కోమలికి వారానికి ఒక్కసారే ఫోను చేతికిస్తుంది. శుక్రవారం వాళ్ల టైము రెండు గంటలకు ఇచ్చి, రెండుంపావుకు తీసుకొని బీరువాలో పెడుతుంది. చెంగమ్మకు సొంత ఫోను లేదు. పూల పసరు అంటుకున్న వేళ్లతో నొక్కితే ఆ అద్దం పలకదని ఆమె ఫోను జోలికి పోలేదు. పెంచలయ్య అంగడిలోని పెద్ద ఫోనులోనే అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుంటారు. చెంగమ్మకు గడియారం చూసి టైము చెప్పడం రాదు. "కువైట్ గడియారంలో చిన్న ముల్లు రెండు మీద, పెద్ద ముల్లు నడినెత్తిన ఉంటే వచ్చేయక్కా" అని పెంచలయ్య గుర్తు చెప్పాడు. ఆమె రోడ్డుకు ఇవతల నుంచి ఆ గడియారాన్నే చూస్తూ పూలు కట్టేది. ముళ్లు ఆ చోటికి రాగానే లేచి పోయేది.

లేచి పోతున్నప్పుడు ఆమె వీపును మునస్వామి చూసేవాడు. "అది గడియారమా? సంతలో దొరికే బొమ్మ. లోపల ఉండేది సెల్లు, ప్లాస్టిక్కు పళ్లు" అని గొణిగేవాడు. వినేవాళ్లు లేక ఆ మాట మళ్లీ ఆయన లోపలికే పోయేది.

ఆ గోడ మీద ఆయనకు ఇంకొక అనుమానం కూడా ఉంది. నాలుగు గడియారాల్లో ఇండియా గడియారం పెద్ద ముల్లు ఒక దిక్కున ఉంటే, మిగతా మూడింటి పెద్ద ముళ్లూ సరిగ్గా దానికి ఎదురు దిక్కున ఉండేవి. ఇది పైన ఉంటే అవి కింద, ఇది కిందికి దిగితే అవి పైకి. ఇండియా గడియారాన్ని మునస్వామి తన వాచీతో సరి చూసుకున్నాడు. అందులో తప్పు లేదు. అంటే తప్పు ఆ మూడింటిలోనే ఉంది. అది తలచుకున్న ప్రతిసారీ ఆయన కడుపు చల్లగా ఉండేది.

ఆయన నమ్మకం వాళ్ల నాయన దగ్గర నుంచి వచ్చింది. నాయన చిన్నతనంలో రంగూన్‌లో ఒక చీనా ఆయన దగ్గర వాచీల పని నేర్చుకున్నాడు. ఓడెక్కి మద్రాసులో దిగిన రోజు కథ కొడుకుకు వందసార్లు చెప్పి ఉంటాడు. "ఆడికీ ఈడికీ ఒక గంటే తేడా రా. చిన్న ముల్లును మార్చినానంతే. పెద్ద ముల్లు యాడైనా ఒకటే. ఏ దేశం పోయినా అది మారదు." ఇంకొక మాట కూడా చెప్పేవాడు. "ముల్లును ఎప్పుడూ వెనక్కి తిప్పొద్దు. వెనక్కి తిప్పినావంటే పళ్లు అరిగిపోతాయి. నేను ఆ ఒక్క గంట కోసరం పదకొండు గంటలు ముందుకు తిప్పినాను." ఈ రెండు మాటలే మునస్వామి చదువు. ఏ మాట దాటినా ఆ రెండూ దాటలేదు.

ఒక శుక్రవారం పొద్దున పది గంటలకు పెంచలయ్యే రోడ్డు దాటి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు.

"మామా, వడమాలపేటలో మా మరదలి బిడ్డకు చెవులు కుట్టిస్తా ఉండారు. సాయంత్రానికి వచ్చేస్తా. ఒక్క రోజు నా అంగట్లో కూసుంటావా?"

"నా అంగడి ఎవురు చూస్తారు?"

"ఆడ కూసున్నా నీ అంగడి నీకు కనపడతానే ఉంటాది కదబ్బా. చెంగమ్మక్క కోసరం అడగతా ఉండా. ఈ రోజు కోమలి ఫోను ముఖ్యం మామా. నీకు తెలుసు కదా."

మునస్వామికే కాదు, వీధి మొత్తానికి తెలుసు. కోమలి ఒప్పందం రెండేళ్లూ ముగిసింది. ఇంటికి వచ్చేస్తానని పోయిన శుక్రవారం ఫోనులో అంది. పూల బేరం తగ్గేదాకా ఆగమని అక్క అనేసరికి మాట మీద మాట పెరిగింది. "నీకు పూలే ముఖ్యం, నేను కాదు" అని చెల్లెలు అంటే, "అట్లయితే ఆడనే ఉండు, రావద్దు పో" అని అక్క అరిచింది. ఆ లోపల పావుగంట అయిపోయి ఫోను ఆగిపోయింది. ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమని యజమానురాలు కాగితం తెచ్చి పెట్టిందట. ఈ శుక్రవారం సాయంత్రం లోపల ఏదో ఒకటి చెప్పాలి. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి చెంగమ్మకు ఉన్నది ఈ పావుగంటే. వారం పాటు ఆమె కట్టిన దండల్లో సగం ముడులు వదులుగా వచ్చాయి.

"ఫోను మోగితే పచ్చది నొక్కు. మనం చేయాలంటే కోమలి బొమ్మ మీద నొక్కు. అంతే" అని పెంచలయ్య తాళంచెవి చేతిలో పెట్టాడు. మెట్టు దిగి మళ్లీ వెనక్కి తిరిగాడు. "ఆ గడియారాల సెల్లులు అయిపోయే మాదిరి ఉండాయి. కొత్తవి సొరుగులో పెట్టినాను. నీ చేతి మీదుగా మార్చిపెట్టు మామా. నీకన్నా తెలిసినోళ్లు ఎవురుండారు?"

పెంచలయ్య మర్యాదకే అన్నాడు. మునస్వామికి మాత్రం, నలభై ఏళ్ల పనివాడిని పిలిచి బొమ్మలకు సెల్లులు వేయమన్నట్టు వినిపించింది.

అయినా పోయి కూర్చున్నాడు. పెంచలయ్య కుర్చీ చక్రాల కుర్చీ. కూర్చుంటే మెత్తగా దిగింది. అక్కడి నుంచి చూస్తే తన అంగడి ఎంత చిన్నగా ఉందో మొదటిసారి తెలిసింది. అది తెలియడం కూడా పెంచలయ్య తప్పుగానే తోచింది.

పదకొండు గంటలకు స్టూలు వేసుకొని గడియారాలు దించాడు. ఇండియా గడియారంలో సెల్లు మార్చి తన వాచీ చూసి టైము పెట్టాడు. తర్వాత కువైట్ గడియారం దించాడు. ఎనిమిదిన్నర చూపిస్తోంది. సెల్లు తీయగానే ఆగింది. కొత్త సెల్లు వేశాడు. ఇప్పుడు టైము పెట్టాలి.

పెద్ద ముల్లు ఆరు మీద ఉంది. తన వాచీలో పెద్ద ముల్లు పన్నెండు మీద ఉంది.

"సూడు, సూడు. అర్ధగంట తప్పు. దీన్ని పెట్టుకొని ఊరికంతా టైము చెప్తా ఉండాడు" అని నవ్వుకున్నాడు. పెంచలయ్యకు ఒక మాట ఫోను చేసి అడగవచ్చు. నంబరు గల్లాపెట్టె మీద అతికించే ఉంది. మునస్వామి దానివైపు చూసి చూపు తిప్పుకున్నాడు. అడిగితే ఈ సంతోషం ఏమవుతుందో అని భయం. వెనక్కి తిప్పకూడదు కాబట్టి గడియారం వెనకున్న మరను ముందుకు తిప్పి, పెద్ద ముల్లును నడినెత్తికి తెచ్చాడు. కువైట్‌లో తొమ్మిదయింది. సింగపూరునూ లండన్‌నూ అలాగే అర్ధగంట ముందుకు జరిపాడు. నాలుగూ గోడకు ఎక్కాయి. నాలుగు పెద్ద ముళ్లూ సైనికుల మాదిరి ఒకే దిక్కు చూస్తున్నాయి. మునస్వామి దూరంగా నిలబడి చూసుకున్నాడు. ఆ గోడ ఆయనకు మొదటిసారి అందంగా కనిపించింది. సాయంత్రం పెంచలయ్య వచ్చాక నలుగురి ముందూ ఏమనాలో మాటలు కూడా కూర్చుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక చెరకు లారీ ఒకటి టైరు పగిలి రోడ్డుకు ఒక పక్కగా నిలిచిపోయింది. దానికి అవతల తన అంగడి, బెంచీ కనపడకుండా పోయాయి.

చెంగమ్మ లారీ ముందు నుంచి చుట్టి వచ్చింది. ముఖం కడుక్కొని, బొట్టు పెట్టుకొని, ఉతికిన చీర కట్టుకొని వచ్చింది.

"అన్నా, లారీ అడ్డమొచ్చి గడియారం కనపడలా. అందుకే ముందే వచ్చేస్తి. అబ్బ, టైమయిపోయిందే!"

చిన్న ముల్లు రెండు మీద, పెద్ద ముల్లు నడినెత్తిన ఉంది.

"కూసో, కూసో" అని మునస్వామి కోమలి బొమ్మ మీద నొక్కాడు. ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

"ఇంకొక తూరి నొక్కన్నా."

నొక్కాడు. బయట పుత్తూరు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఎప్పుడూ చెంగమ్మ ఆ బస్సు పోయిన తర్వాతే రోడ్డు దాటేది. ఆ సంగతి మునస్వామి మనసులో చీమ కుట్టినట్టు కుట్టింది. కానీ తలెత్తి చూస్తే నాలుగు ముళ్లూ ఒక్కటిగా కదులుతున్నాయి. నాయన మాట తప్పుతుందా? బస్సే ముందు వచ్చి ఉంటుంది అనుకున్నాడు.

పెద్ద ముల్లు మూడు దాటింది, నాలుగు మీదికి వచ్చింది. చెంగమ్మ ముక్కు చీదింది.

"ఇంగ వద్దులేన్నా. ఫోను తీసి లోపల పెట్టేసుంటారు. అది నా మొగం చూడకూడదని అనుకునింది. సంతకం పెట్టేసింటాది. నేను అన్న మాటకు అది చేసింది సరే."

"అట్ల కాదు చెంగమ్మా, ఆ ఇంటామె ఈ రోజు ఫోను ఇచ్చిందో లేదో..."

"ఎప్పుడూ ఇస్తాదన్నా. రెండేండ్లలో ఒక్క వారం తప్పలా." కొంగుతో కళ్లు తుడుచుకొని లారీ చుట్టి వెళ్లిపోయింది. గుడి తీసే వేళకు అక్కడికి పోయి ఉంటుందని మునస్వామి అనుకున్నాడు. పాపం అనిపించింది. పాపం అనిపిస్తూనే, ఈ అంగడి గోడ ఆమెకు ఇంతకాలం చేసిందేమిటి అని కూడా అనిపించింది.

పది నిమిషాలకు ఫోను మోగింది.

అద్దం మీద కోమలి ముఖం. పచ్చది నొక్కాడు. కోమలి నెత్తిన గుడ్డ కట్టుకొని ఉంది. వెనక పొయ్యి మీద పెద్ద గిన్నె.

"మునస్వామన్నా! నువ్వా? మా అక్క యాడ?"

"నీ అక్క వచ్చి పాయ గదమ్మా! ఇంతసేపు చేసినాం. ఎత్తలేదు నువ్వు."

"యాడ ఎత్తేది? ఇప్పుడే చేతికిచ్చింది మేడమ్. టైము రెండు కదా."

"రెండున్నర" అన్నాడు మునస్వామి.

"రెండన్నా! ఇదిగో సూడు." కోమలి ఫోను తిప్పింది. వంటింటి గోడ కనిపించింది. అక్కడ ఒక గడియారం. చిన్న ముల్లు రెండు మీద, పెద్ద ముల్లు పన్నెండు మీద ఉంది.

మునస్వామి తన చేతి వాచీ చూసుకున్నాడు. పెద్ద ముల్లు ఆరు మీద ఉంది. అక్కడ పైన, ఇక్కడ కింద. నలభై ఏళ్లు ముళ్లు చూసిన కన్ను, తప్పుగా చూడటం దానికి రాదు. నాయన మాట ఆ వంటింటి గోడ మీద ఆగిపోయింది.

"అక్క రాలేదంటే నాకు తెలిసిందిలేన్నా" అంటోంది కోమలి. గొంతు మారింది. "రావద్దనే కదా చెప్పింది. కాగితం ఈడే ఉండాది. పెట్టేస్తానని చెప్పు."

"పెట్టొద్దు!" అని మునస్వామి లేచాడు. చక్రాల కుర్చీ వెనక్కి జారి అల్మారాకు కొట్టుకుంది. "ఫోను పెట్టొద్దు, సంతకమూ పెట్టొద్దు. రోంత సేపు అట్లే ఉండు. నీ అక్క ముందే వచ్చి ఏడ్సుకోని పాయ. తీసుకొస్తా."

గుడి దాకా పరుగెత్తాలి, వచ్చేసరికి పావుగంట అయిపోతుంది అనుకుంటూ లారీ చుట్టి రోడ్డుకు అవతలకి వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు.

చెంగమ్మ అక్కడే ఉంది. తన అంగడి ముందు, తన బెంచీ మీద కూర్చుని ఉంది. బుట్ట పక్కన పెట్టుకొని, కట్టకుండా పూలను ఒళ్లో అటూ ఇటూ కదుపుతోంది. రెండేళ్లుగా తాను కోరుకున్నట్టే, ఎదురు గోడకు వీపు పెట్టి కూర్చుంది.

"ఈడే నాకు నయంలేన్నా. ఇంగ ఆ అంగడి మొగం చూడను" అంది తల ఎత్తకుండా.

"లెయ్, చెంగమ్మా! కోమలి ఉండాది ఫోన్లో. పరిగెత్తు!"

పూలన్నీ రోడ్డు మీద పడ్డాయి. చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె పరుగెత్తిన వేగానికి, లారీ టైరు మారుస్తున్న క్లీనరు పక్కకు జరిగాడు.

మునస్వామి వెనకే వచ్చి పెంచలయ్య అంగడి గడప దగ్గరే నిలబడ్డాడు. లోపల మాటలు వినిపిస్తున్నాయి.

"ఏమే, ఆ గుడ్డేందే నెత్తిన? జరమా?"

"జరం లేదు గిరం లేదు. వంట చేసేటప్పుడు కట్టుకోమంటారు. నువ్వేందక్కా అట్ల ఎండిపోయినావు?"

"నువ్వు లేకపోతే వండి పెట్టేదెవురు? కాగితం చింపేయ్. వచ్చేయ్. నోరు జారి అంటి. నా నోరు సంగతి నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే వారం రోజులు ఏడుస్తి."

"ఏడ్సింది చాలు, రా. పూలు కట్టేదానికి నాకూ రెండో చెయ్యి కావాల."

పావుగంటలో ఐదు నిమిషాలు పోయాయి. మిగిలిన పది సరిపోయాయి. ఫోను ఆగిపోయాక చెంగమ్మ కళ్లు తుడుచుకొని గోడకేసి చూసింది. కువైట్ గడియారం పావు తక్కువ మూడు చూపిస్తోంది.

"ఈ గడియారమే కదన్నా ముంచింది నన్ను! రానీ పెంచలయ్యను. ఇట్లాటి దాన్ని పెట్టి మనుషులను ఏడిపిస్తాడా? ఇంగ నువ్వు చెప్పిందే నాకు టైము. నా బుద్ధి లేక ఈడికి వస్తి."

మునస్వామి నోట్లో నీళ్లు ఊరాయి. ఒక్క మాట కూడా చెప్పనక్కర్లేదు. ఊరికే తల ఊపితే చాలు. రేపటి నుంచి బుట్టా, ఆమే, ఆమె అడిగే మాటా, అంతా తన బెంచీ దగ్గరే. వీధంతా పెంచలయ్య గోడను చూసి నవ్వుతుంది. తల ఊపబోయాడు కూడా. అప్పుడు చెంగమ్మ కాళ్లు కనిపించాయి. చెప్పులు లేకుండా పరుగెత్తి వచ్చింది. రెండు కాళ్లకూ లారీ కింద కారిన నల్ల నూనె, దాని మీద అంటుకున్న కనకాంబరాలు.

"గడియారం సరిగ్గానే ఉన్నింది" అన్నాడు. "నేను తిప్పినాను."

"నువ్వా? ఏమిటికన్నా?"

"పెద్ద ముల్లు యాడైనా ఒకటే అనుకుంటి. మా నాయన అట్ల చెప్పినాడు."

"అనుకుంటే అడగొచ్చు కదా. పెంచలయ్య నంబరు ఈడే అతికించి ఉండాది."

మునస్వామి స్టూలు లాగి గోడ కింద వేశాడు. చెంగమ్మ ఆయన్ను కొంచెంసేపు చూసింది.

"నీకు అడగాలని లే అన్నా. పెంచలయ్యది తప్పు కావాల. అంతే." గట్టిగా కూడా అనలేదు. బయటికి పోయి రోడ్డు మీద పూలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

పెంచలయ్య వచ్చేసరికి మునస్వామి స్టూలు మీద కూర్చొని కువైట్ గడియారం మరను తిప్పుతున్నాడు. ముళ్లు గిరగిరా తిరుగుతున్నాయి. పక్కన సింగపూరు, లండన్ వరస కోసం కాచుకొని ఉన్నాయి.

"ఏం చేస్తా ఉండావు మామా?"

"అర్ధగంట వెనక్కి పెట్టాల. వెనక్కి తిప్పకూడదు. అందుకని పదకొండున్నర గంటలు ముందుకు తిప్పతా ఉండా." తర్వాత జరిగిందంతా చెప్పాడు. చెప్పేంతసేపూ ముల్లు మీద నుంచి చూపు తీయలేదు.

పెంచలయ్య నవ్వలేదు. నవ్వి ఉంటే మునస్వామికి సులువుగా ఉండేది.

"మనకూ లండన్‌కూ ఐదున్నర గంటల తేడా మామా, మన దేశానికి ఆ అర అట్ల పడింది. వాళ్లవన్నీ నిండు గంటలు. మీ నాయన చెప్పింది తప్పు కాదు. రంగూన్‌కూ ఒక అర ఉండాదంట. అరకు అర పోయి ఒక గంటే మిగిలింది." ప్లాస్టిక్ సంచిలో నుంచి ఒక పొట్లం తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. "చెవులు కుట్టిన ఇంట్లో ఇచ్చినారు, లడ్లు. తిను."

మునస్వామి లడ్డు తిన్నాడు. తియ్యగానే ఉంది. పెంచలయ్య ఇంత తెలిసినవాడు కావడం మాత్రం ఇంకా గొంతులో అడ్డంగానే ఉంది.

తర్వాతి శుక్రవారం చెంగమ్మ బెంచీ మీదే పూలు కడుతోంది. చెల్లెలు ఏ విమానానికి వస్తుందో ఆ రోజు చెప్పాలి. పుత్తూరు బస్సు పోయింది. చెంగమ్మ ఎదురు గోడ చూసింది. చిన్న ముల్లు రెండు మీద, పెద్ద ముల్లు నడినెత్తిన. అయినా లేవలేదు.

"మునస్వామన్నా, నీ దాంట్లో పెద్ద ముల్లు యాడుండాది?"

మునస్వామి భూతద్దం తీశాడు. "అడుగున."

"అది పైన, ఇది అడుగున. అయితే సరే" అని లేచింది.

రోడ్డుకు అవతల పెంచలయ్య ఫోను చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు. తన గోడ మీదే టైము ఉండగా ఆమె మునస్వామిని అడగడం చూశాడు. అతని ముఖం కొంచెం ముడుచుకుంది. ఎక్కువ కాదు, కొంచెమే.

ఆ కొంచెం మునస్వామికి ఇక్కడి దాకా కనిపించింది. మళ్లీ భూతద్దం పెట్టుకొని వాచీలోకి వంగాడు. ఆ సాయంత్రం ఆయన చేతికి వచ్చిన ప్రతి వాచీ వెంటనే దారికి వచ్చి టిక్కుటిక్కుమంది.